దాణాలో బూజు, ఒంట్లో ఇ.కోలై: కోళ్ల షెడ్డులో రెండూ ఒకేసారి ఉంటే ఏం చేయాలి

వానకాలం మక్కలు చేతికొచ్చే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల షెడ్లలో తరచూ వినిపించే మాట: ఇ.కోలైకి మందు పెట్టినా కోళ్లు తేరుకోవట్లేదు. మందు మార్చే ముందు దాణా చూడండి.

ఇ.కోలై, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా పై పొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. అది రక్తంలో కలిస్తే రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతాయి, కాలేయంలో వాపు మొదలవుతుంది. బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విరగ్గొట్టే పని కూడా కాలేయానిదే. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, విడిగా ఇస్తే పెద్దగా హాని చేయని మోతాదుల్లో ఈ రెండూ కలిపి ఇస్తే కాలేయం దెబ్బతిన్నది. కోళ్లు ఎల్‌పీఎస్‌ను ఎలుకల కంటే బాగానే తట్టుకుంటాయి. షెడ్డులో ఎక్కువ నష్టం చేసేది ఎదురు దారి: అఫ్లాటాక్సిన్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, టీకా సరిగా పట్టదు, పేగులోని బ్యాక్టీరియా లోపలికి దూరుతుంది.

చచ్చిన కోడిని పశువైద్యుడితో కోయించండి. కాలేయం పసుపు రంగుకు తిరిగి, ఉబ్బి, వేలితో నొక్కితే చిదిగిపోతుంటే బూజు విషాన్ని అనుమానించాలి. కాలేయం మీద, గుండె మీద తెల్లటి పొర కడితే ఇ.కోలైని అనుమానించాలి. పొర తీసి చూస్తే కింద పసుపు కాలేయం ఉంటే రెండూ ఉండొచ్చు. అప్పుడు ఒక్క యాంటీబయాటిక్‌తో పని కాదు, అదే రోజు దాణా కూడా మార్చాలి.

మక్కల్లో తేమ 13 శాతం దాటకూడదు. మీటర్ లేకపోతే పొడి గాజు సీసాలో మూడో వంతు మక్కలు, ఒక చెంచా పొడి ఉప్పు వేసి నిమిషం ఊపండి, పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉంది, ఆ లాటు కొనకండి. అంటుకోకపోయినా 13 లోపే ఉందని కాదు, ఎనుమాముల మార్కెట్లో అయినా మీటర్ పెట్టించే తీసుకోండి.

పరీక్షకు పంపేటప్పుడు ఒక్క బస్తా లోంచి పిడికెడు తీస్తే లాభం లేదు. బూజు అక్కడక్కడే ముద్దలుగా ఉంటుంది. వీలైనన్ని బస్తాల్లోంచి, పైన, నడుమ, అడుగున తీసి కలిపి పంపాలి. ఎండబెడితే బూజు పెరగడం ఆగుతుంది గానీ విషం పోదు, ఉడికించినా చాలావరకు మిగిలే ఉంటుంది. చెడ్డ మక్కలను మంచి వాటిలో కలపడం మరీ తప్పు. బర్రెలకూ పెట్టొద్దు, ఆ విషం పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎం1 అనే రూపంలో దిగుతుంది.

బెంటొనైట్ లాంటి టాక్సిన్ బైండర్ టన్ను దాణాకు 5 కిలోలదాకా కలుపుతారు. అది అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టుకుంటుంది, టీ-2 లాంటి వేరే బూజు విషాలను పెద్దగా పట్టదు. ప్యాకెట్ మీది మోతాదు చూసుకోండి.

ఇ.కోలై నీళ్లతో రాకుండా, తాగే నీళ్లకు 1000 లీటర్లకు 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 10 గ్రాములు చాలు. బకెట్లో కలిపి తేరిన నీళ్లే ట్యాంకులో పోయండి. నీళ్లలో టీకా ఇచ్చే రోజుకు కనీసం 24 గంటల ముందే క్లోరిన్ ఆపాలి, లేకపోతే టీకా చచ్చిపోతుంది.

బస్తాలను గోడకు ఆనించకుండా, నేలకు అర అడుగు ఎత్తులో చెక్కల మీద పెట్టండి. వానల్లో దాణా పది, పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోండి. ఫీడర్ అడుగున తడిసి గడ్డకట్టిన దాణాను రోజూ గీకి పారేయండి, కొత్త దాణాకు బూజు అక్కడినుంచే అంటుకుంటుంది.