క్యూఈఎంయూలో ఆడి, అసలు మెషీన్ మీద మొరాయించే ఎక్స్‌హెచ్‌సీఐ డ్రైవర్

సరదాగా సొంత ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకుంటున్నాను. అందులోని యూఎస్‌బీ 3 కంట్రోలర్ (ఎక్స్‌హెచ్‌సీఐ) డ్రైవర్ క్యూఈఎంయూలో, అంటే కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో, మొదటి రోజే కీబోర్డును పట్టేసింది. పాత ల్యాప్‌టాప్‌లో బూట్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. మూడు రాత్రులు పోయాయి. మీకు ఒక్కటే పోయేలా, చూడాల్సిన వరుస చెబుతాను.

ప్రతి అడుగు తర్వాతా కంట్రోలర్ స్టేటస్ రిజిస్టర్‌ను ప్రింట్ చేయండి. బిట్లన్నీ ఒకట్లే వస్తే గొడవ పీసీఐ (కంట్రోలర్‌ను ప్రాసెసర్‌తో కలిపే బస్) దగ్గరే ఉంది, పీసీఐ కమాండ్ రిజిస్టర్‌లో మెమరీ స్పేస్ బిట్ చూడండి. పక్కనే బస్ మాస్టర్ బిట్ ఉంటుంది. అది పెట్టకపోతే రిజిస్టర్లు బాగానే పలుకుతాయి గానీ కంట్రోలర్ మీ ర్యామ్ జోలికి రాలేదు.

బయోస్ నుంచి కంట్రోలర్‌ను మీ చేతికి తీసుకున్నాక రీసెట్. రన్ బిట్ తీసి, హాల్టెడ్ బిట్ వచ్చేదాకా ఆగి, అప్పుడు రీసెట్ బిట్ పెట్టాలి. ఇంటెల్ చిప్ అయితే ఆ వెంటనే ఏ రిజిస్టరూ ముట్టుకోకుండా ఒక మిల్లీసెకను ఆగండి, లినక్స్ కూడా ఆగుతుంది. రీసెట్ బిట్ దానంతటదే సున్నా అయినా తొందరపడొద్దు. స్టేటస్‌లో 11వ బిట్, అంటే ‘కంట్రోలర్ నాట్ రెడీ’, పోయాకే మిగతావి రాయండి.

ఒక టెన్షన్ తప్పిస్తాను. సీఆర్‌సీఆర్ (కమాండ్ రింగ్ కంట్రోల్ రిజిస్టర్)లో కమాండ్ రింగ్, అంటే మనం కమాండ్లు పేర్చే మెమరీ, అడ్రస్ రాసి తిరిగి చదివితే సున్నానే వస్తుంది. స్పెక్‌లోనే అలా ఉంది. అది చదవకుండా ఒక రాత్రంతా మ్యాపింగ్ కోడ్ తిరగరాశాను!

నా అసలు తప్పు స్క్రాచ్‌ప్యాడ్ బఫర్లు. కంట్రోలర్ తన సొంత వాడకానికి కొన్ని మెమరీ పేజీలు అడుగుతుంది. క్యూఈఎంయూ ఒక్కటీ అడగదు, అందుకే అక్కడ తప్పు బయటపడలేదు. ఎన్ని కావాలో హెచ్‌సీఎస్‌పారామ్స్2 రిజిస్టర్‌లో రెండు ముక్కలుగా ఉంటుంది: పై అయిదు బిట్లు 21–25లో, కింది అయిదు 27–31లో. అన్ని పేజీలు కేటాయించి, వాటి అడ్రస్‌ల పట్టిక ఎక్కడుందో డీసీబీఏఏ (డివైస్ కాంటెక్స్ట్‌ల అడ్రస్‌ల పట్టిక) సున్నా గడిలో రాయండి. అన్నీ ఫిజికల్ అడ్రస్‌లే సుమా.

ఇక పోర్టుల జోలికి వెళ్లకముందే ఏ పనీ చేయని ఒక నో-ఆప్ కమాండ్ (టైప్ 23) పెట్టి, సున్నా డోర్‌బెల్ (కమాండ్ వచ్చిందని కంట్రోలర్‌కు చెప్పే రిజిస్టర్) కొట్టండి. ఇంటరప్ట్ కోసం చూడకుండా కంట్రోలర్ జవాబులు రాసే ఈవెంట్ రింగ్ మెమరీనే నేరుగా చదవండి. టైప్ 33 (కమాండ్ పూర్తయింది), కంప్లీషన్ కోడ్ 1 (సక్సెస్) కనిపిస్తే రింగులు సరే. ఈవెంట్ ఉండి ఇంటరప్ట్ రాకపోతే ఎంఎస్ఐ (మెమరీ రైటుతో ఇంటరప్ట్ పంపే పద్ధతి) సెటప్‌లో తప్పు వెతకండి. ఏమీ లేకపోతే ముందు సైకిల్ బిట్ (రింగులో ఏ ఎంట్రీ కొత్తదో చెప్పేది) చూడండి.