వానలు పడకముందే ఎయిరేషన్ ట్యాంకులో బగ్స్‌ని ఒకసారి చూసుకోండి

తొలకరి వస్తోందంటే ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) నడిపేవాళ్లకి టెన్షనే. యార్డులో ఒలికి ఎండిపోయిన కెమికల్ అంతా మొదటి వానకే కడుక్కుపోయి మన ఎయిరేషన్ ట్యాంకులోకే, అంటే మురుగుని తినే సూక్ష్మజీవులు (బగ్స్) ఉండే ట్యాంకులోకే చేరుతుంది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వాటికి గాలి ఊదే బ్లోయర్లు ఆగుతాయి. నీళ్లలో మురుగు ఎంతుందో చెప్పే బీఓడీ రిపోర్టుకి 3 రోజులు ఆగాలి. మైక్రోస్కోపు కింద ఒక చుక్క పెడితే పది నిమిషాల పని.

అందుకే ఎండలు ఉండగానే రోజూ ఒకే టైముకి, ఒకే చోట శాంపిల్ తీసి చూడటం మొదలుపెట్టండి. బాటిల్ సగమే నింపండి, లోపల గాలి ఉండాలి. గంటలోపు చూసేయాలి. టీ తాగొచ్చి చూద్దాంలే అని మూతపెట్టి వదిలేస్తే ఆక్సిజన్ అయిపోయి బగ్స్ అక్కడే చస్తాయి, మీరేమో ట్యాంకు పోయిందని కంగారుపడతారు (నేనూ పడ్డాను).

కాడకి గంట తగిలించినట్టుండే వర్టిసెల్లా, ఫ్లాక్ (బ్యాక్టీరియా గుంపుకట్టిన ముద్ద) మీద పాకే ఆస్పిడిస్కా బాగా కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. తోకతో ఈదే ఫ్లాజెల్లేట్లు ఒక్కసారిగా పెరిగాయంటే మురుగు లోడు ఎక్కువైనట్టు, లేదా వాన నీటికి స్లడ్జ్ (ఈ బగ్స్ ఉండే బురద) కొట్టుకుపోయినట్టు. రోటిఫర్లు అనే కాస్త పెద్ద జీవులు మరీ ఎక్కువైతే స్లడ్జ్ ముసలిదైంది. నిన్న చకచకా తిరిగినవి ఇవాళ కదలకపోయినా, కాడలు మిగిలి తలలు లేకపోయినా విషమేదో వచ్చిందనో ఆక్సిజన్ పడిపోయిందనో అనుమానించాలి. డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూడండి, వచ్చే నీళ్లని ముందుండే నిలవ ట్యాంకులో, అంటే ఈక్వలైజేషన్ ట్యాంకులోనే ఆపండి. ఆపాలంటే ఆ ట్యాంకు ఖాళీ ఉండాలిగా! వానాకాలమంతా దాన్ని సగానికి మించి నింపొద్దు.

ఫ్లాక్‌ల మధ్య జుట్టులాంటి దారాలు పెరుగుతుంటే స్లడ్జ్‌ని, నీళ్లని వేరుచేసే క్లారిఫయర్‌లో స్లడ్జ్ కిందకి దిగదు. లీటరు సిలిండర్‌లో 30 నిమిషాలు సెటిల్ చేసి ఎస్‌వీఐ (గ్రాము స్లడ్జ్ ఎన్ని మి.లీ. చోటు తీసుకుంటుందో) లెక్క కట్టండి, 150 దాటితే జాగ్రత్తపడాలి. ఆ దారాల్ని చంపడానికి క్లోరిన్ వేసేముందు డీఓ లీటరుకి 2 మి.గ్రా. దగ్గర ఉందో లేదో, బగ్స్‌కి పోషకాలుగా వేసే యూరియా, డీఏపీ సరిగా పడుతున్నాయో లేదో చూసుకోండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. తేడా ఏంటో చూడకుండా పేడ, బెల్లం గుమ్మరించే అలవాటు కూడా మానుకుంటే మంచిది, ట్యాంకులో విషం ఉంటే కొత్త బ్యాక్టీరియా కూడా చచ్చేదే.

ఇంకోటి, ఫార్మా నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాలు) ఎక్కువ కాబట్టి మామూలు రోజుల్లోనూ ఈ జీవులు తక్కువే కనపడొచ్చు. పుస్తకంలో బొమ్మలతో కాదు, మీ ట్యాంకు నిన్నమొన్నటి ఫొటోలతో పోల్చుకోండి. ఫోన్‌ని ఐపీస్‌కి ఆనించి తీసినా చాలు.

వానలో వాక్‌వే జారుతుంది. శాంపిల్‌కి ఒంటరిగా వెళ్లొద్దు. ఎయిరేషన్ ట్యాంకులో పడితే ఈతొచ్చినా తేలడం కష్టం, బుడగలతో నిండిన నీళ్లు మనిషిని సరిగా మోయవు.