నాయనమ్మ 'కల్లు' తెరిచింది: కథ బయటపెట్టే ముందు తప్పులు ఏరుకోవడం ఎలా?

పద్దెనిమిదేళ్లు విజయవాడలో డీటీపీ చేశాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లికార్డుల దగ్గర్నుంచి నవలల దాకా కొట్టాను. ఇప్పుడు మా మేనకోడలు ఫోన్‌లో సీరియల్ రాస్తోంది. పెట్టేముందు చదివిపెట్టడం నా డ్యూటీ.

మొన్నటి భాగంలో నాయనమ్మ చావుబతుకుల్లో ఉంది. మంచం చుట్టూ అందరూ చేరారు. "నాయనమ్మ మెల్లగా కల్లు తెరిచింది" అని రాసింది. పగలబడి నవ్వాను. అది అలిగింది. "అర్థమవుతుంది కదత్తా, ఎందుకంత గొడవ?" అంది. అర్థమవుతుంది. కానీ ఏడవాల్సిన చోట చదివేవాళ్లకి ముంత కనబడితే, ఆ తర్వాత ముసలావిడ ఏం చెప్పినా మనసుకెక్కదు.

అందుకని తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. "భాధ" అని రాస్తే ఒప్పు కాదుగానీ, అలాంటి మాట ఇంకోటి లేదు కాబట్టి చదివేవాళ్లు సర్దుకుపోతారు. ఇంకో మాటగా మారిపోయే తప్పుతోనే చిక్కు. "మల్లి వచ్చింది" అంటే ఈ మల్లి ఎవరబ్బా అని వెనక పేరాలు వెతుక్కుంటారు. ముందు వీటి పని పట్టండి.

చదువుతూ పట్టుకుందామంటే దొరకవు. మనం ఏం రాయాలనుకున్నామో అదే కనిపిస్తుంది. ఫైల్లో "ల్ల" అని కొట్టి వెతకండి, ఒక్కోదాని దగ్గరా ఆగండి. చెల్లి, పిల్ల, మెల్లగా సరైనవే. పెల్లి, వెల్లి, నీల్లు కావు. ఇల్లు ఒకటైతే ల, రెండైతే ఇళ్లు. తర్వాత "అర్ధ" వెతకండి. అర్ధం అంటే సగం. భావమైతే థ, పొట్టలో చుక్క ఉండాలి. అర్ధరాత్రికి మాత్రం చుక్క పెట్టకండి.

వ్యాకరణంలో నాకు ఎక్కువ కనబడేది మర్యాద తప్పడం. "మామయ్య వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు." రెండు వాక్యాల్లో మామయ్య హోదా పడిపోయింది. ఒక్కో పాత్రకీ డు కావాలో రు కావాలో కాగితం మీద రాసి పెట్టుకోండి. అలాగే, ఇప్పుడే జరుగుతున్నదైతే "వాన పడుతోంది". "పడుతుంది" అంటే రేపు పడొచ్చు.

సంభాషణల్లో యాస జోలికి పోవద్దు. "ఏడికి పోతున్నవ్" తప్పు కాదు, ఆ మనిషి గొంతు.

చివరగా, అన్నీ ఒకేసారి మార్చేసే బటన్ నొక్కకండి. ఆ రోజు కోపంలో నేనే నొక్కాను, కల్లు ఉన్నచోటల్లా కళ్లు అని. ఆ భాగంలోనే తాత తాటిచెట్టు కింద కూర్చుని ముంతెడు కళ్లు తాగాడు. మేనకోడలు ఇప్పటికీ దెప్పుతోంది.