తేలిక బరువులతో కండ: పట్టీ ఎంత బిగించాలి?

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, కీళ్ల నొప్పితో పెద్ద బరువులు ఎత్తలేనివాళ్లు కండ కరిగిపోకుండా చూసుకోవడానికి బీఎఫ్ఆర్ (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, అంటే పట్టీతో రక్తప్రవాహాన్ని కొంత తగ్గించి చేసే వ్యాయామం) బాగా పనికొస్తుంది. జపాన్‌లో యోషియాకి సాటో ‘కాత్సు’ పేరుతో మొదలుపెట్టిన పద్ధతి ఇది. తొడకో, జబ్బకో పైభాగాన పట్టీ కట్టి తేలిక బరువుతో ఎక్కువ రెప్స్ (ఒకే కదలికను మళ్లీ మళ్లీ) చేస్తారు.

పట్టీ బిగిస్తే కండలోకి వచ్చే రక్తం కొంత తగ్గుతుంది. గుండెకు తిరిగి వెళ్లే రక్తం మాత్రం చాలావరకు ఆగిపోతుంది. ఆక్సిజన్ చాలక, మామూలుగా పెద్ద బరువులకే కదిలే కండర పోగులు (ఫైబర్లు) చిన్న బరువుకే పనిలోకి దిగుతాయి. అంతేగానీ రక్తం పూర్తిగా ఆపేయకూడదు. ఎంత బిగిస్తే అంత కండ అనుకుంటే నరం నలుగుతుంది, చర్మం కములుతుంది.

రక్తం గడ్డకట్టిన చరిత్ర, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఉబ్బిన సిరలు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాల వారసత్వ జబ్బు), గర్భం... వీటిలో ఏదున్నా డాక్టర్ని అడక్కుండా పట్టీ ముట్టుకోవద్దు. ఆపరేషన్ అయినవాళ్లు ఫిజియోథెరపిస్టు దగ్గరే మొదలుపెట్టాలి.

గాలి నింపే కఫ్ ఉంటే, రక్తం పూర్తిగా ఆగే ఒత్తిడి ఎంతో ముందు కొలిచి, అందులో 40 నుంచి 80 శాతం పెడతారు. కొత్తవాళ్లకు 40-50 చాలు. కఫ్ వెడల్పును బట్టి, తొడ చుట్టుకొలతను బట్టి ఈ అంకె మారుతుంది. అందుకే పక్కవాడి అంకె మీకు పనికిరాదు. మోకాలికి చుట్టుకునే సాగే పట్టీ (నీ-ర్యాప్) అయితే అంచనాయే గతి: భరించలేని బిగువు పది అనుకుంటే తొడకు ఏడు, చేతికి ఐదారు. కట్టాక కాలి బొటనవేలి గోరు నొక్కి వదలండి. రంగు మూడు సెకన్లలోపు తిరిగి రాకపోతే వదులు చేయండి. మంట, బరువు సహజం. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు అనిపించడం, పాదం పాలిపోవడం మాత్రం సహజం కాదు, వెంటనే విప్పేయాలి.

లెగ్ ఎక్స్‌టెన్షన్ (కూర్చుని మోకాళ్లు చాపుతూ బరువు ఎత్తే వ్యాయామం) తీసుకుందాం. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు 50 కిలోలైతే 10-15 కిలోలు పెట్టండి. పట్టీ గజ్జకు కాస్త కింద ఉండాలి. మోకాలి దగ్గరో, తొడ మధ్యలోనో కట్టకూడదు. మొదట 30 రెప్స్, 30 సెకన్లు ఆగి 15, మళ్లీ 15, మళ్లీ 15. మధ్యలో పట్టీ విప్పకూడదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: విప్పగానే కండలో పేరుకున్న రక్తం, లాక్టేట్ లాంటివి కొట్టుకుపోయి, ప్రభావం తగ్గొచ్చు. అంతా ఐదారు నిమిషాల పని, అయిపోగానే విప్పేయండి. వారానికి రెండు మూడుసార్లు చాలు.

మొదటి ముప్ఫయ్యే పూర్తికాకపోతే బరువో బిగువో ఎక్కువైంది. చివరి పదిహేను కూడా సునాయాసంగా అయిపోతే పట్టీ జారి ఉంటుంది, లేదా బరువు చాలలేదు. మొదటి వారం మొదటి రెండు సెట్లతో (30, 15 రెప్స్) ఆగండి. తొలిరోజే అతి చేస్తే కండరం చితికి మూత్రం టీ డికాషన్ రంగులోకి మారొచ్చు. అలా మారితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కండ పెరగడంలో ఇది పెద్ద బరువులకు దగ్గరగా వస్తుంది గానీ, బలం పెంచడంలో వెనకబడుతుంది. కాబట్టి కీళ్లు సహకరించేవాళ్లు స్క్వాట్ లాంటి పెద్ద బరువుల వ్యాయామం ముందు ముగించి, పట్టీ కట్టే వ్యాయామం చివర్లో చేసుకోవాలి.