వీణ సాధనలో చేతులు పాడవకుండా ఎలా చూసుకోవాలి?

వీణ నేర్చుకునేవాళ్లు ముందుగా రెండు నొప్పులను వేరుచేసి చూడాలి. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలి కొసలు తీగ రాపిడికి మండడం, గీతలు పడడం మామూలే. కొన్నాళ్లకు అక్కడ కాయలు కాస్తాయి. మణికట్టు, మోచెయ్యి, భుజం నొప్పి మాత్రం మామూలు కాదు. దాన్ని ఓర్చుకోవడం సాధన అనిపించుకోదు.

1. మందంగా మడిచిన దుప్పటి మీద బాసింపట్టు వేసి కూర్చోండి. కుండ (వీణ కుడివైపు పెద్ద గుండ్రటి భాగం) నేలమీద, బుర్ర (ఎడమవైపు చిన్న గుండ్రటి భాగం) ఎడమ తొడమీద ఆనాలి. వీణ బరువు ఎడమచేతి మీద పడకూడదు.

2. మణికట్టు చూసుకోండి. అసలు చిక్కంతా ఇక్కడే. ఎడమచెయ్యి దండి (వీణ పొడవాటి మెడ) కిందనుంచి వచ్చి, దానిమీద స్వరస్థానాలకు అమర్చిన మెట్లమీదికి తిరుగుతుంది కాబట్టి వాయించినంతసేపూ మణికట్టు వంగే ఉంటుంది. ఎంత ఎక్కువ వంగితే లోపలి నరం మీద అంత ఒత్తిడి. మోచేతిని ఒంటికి అదిమి పెట్టకండి, బొటనవేలితో దండిని బిగించకండి. అద్దం ముందు వాయిస్తే ఎక్కడ బిగుసుకుంటున్నారో తెలిసిపోతుంది.

3. వేళ్ల కొసలకు చుక్క కొబ్బరినూనె రాసుకోండి. చర్మం చిట్లితే మానేదాకా వాయించొద్దు.

4. తొలి పాఠాలైన సరళీవరుసలు నెమ్మదిగా వాయించి చేతులు వేడెక్కాకే గమకాలకు (స్వరాన్ని ఊపి పలికించడానికి) వెళ్లండి. తీగను పక్కకు లాగడంలోనే వేళ్లకు ఎక్కువ శ్రమ. 25 నిమిషాలకోసారి లేచి నడవండి. త్యాగరాజ ఆరాధన దగ్గరపడిందని, రోజుకు గంట వాయించేవాళ్లు ఆయన పంచరత్న కీర్తనల కోసం ఒక్కసారిగా మూడు గంటలు కూర్చోవడం ప్రమాదం. నెలా రెండు నెలల ముందునుంచే కొద్దికొద్దిగా పెంచండి.

5. తీగలు మరీ ఎత్తుగా ఉన్నా, మైనంలో మెట్లు కుంగినా వేలు ఎక్కువ నొక్కాల్సి వస్తుంది. వీణలు బాగుచేసేవారికి చూపించండి.

6. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తుంటే, పట్టు తగ్గుతుంటే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీరు వాయిస్తున్న వీడియో చూపిస్తే ఆయనకు విషయం త్వరగా అర్థమవుతుంది.

నొప్పేమీ లేకుండానే, వాయించేటప్పుడు వేలు దానంతటదే ముడుచుకుపోతుంటే న్యూరాలజిస్ట్‌ను కలవాలి. అది ఫోకల్ డిస్టోనియా (వేళ్ల కదలిక మన అదుపు తప్పే నాడీ సమస్య) కావచ్చు. అమెరికన్ పియానిస్ట్ లియాన్ ఫ్లైషర్ కుడిచేతికి 1960లలో వచ్చింది ఇదే. ఆయన ఏళ్ల తరబడి ఎడమచేతితోనే కచేరీలు చేశారు. మొండిగా సాధన పెంచితే ఇది లొంగదు.

నొప్పి తగ్గాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మొదటి వారం రోజుకు 10 నిమిషాలు, ఒకటో కాలం (అన్నిటికన్నా నెమ్మది వేగం) చాలు. నొప్పి తిరగబెట్టకపోతేనే ఇంకో 5 నిమిషాలు కలపండి.