కొత్త సెమిస్టర్‌కు ప్లానర్ ఎలా కట్టుకోవాలి: విశాఖ విద్యార్థుల కోసం

సెమిస్టర్ మొదట్లో ప్లానర్ కొనేవాళ్లు చాలామందే ఉంటారు. మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) వచ్చేసరికి దాన్ని ఇంకా తెరుస్తున్నవాళ్లు తక్కువ. చేయాల్సిన పనులన్నీ ముందే రాసేసి, వాటికి చేతిలో ఎన్ని గంటలున్నాయో చూడకపోవడమే దీనికి ముఖ్య కారణం. గాజువాక నుంచి మధురవాడ దాకా రోజూ వెళ్లొచ్చే విద్యార్థికీ, క్యాంపస్ హాస్టల్లో ఉండే విద్యార్థికీ సిలబస్ ఒకటే కావచ్చు, సాయంత్రాలు మాత్రం ఒకటి కావు. కాబట్టి ప్లానర్‌ను ఈ వరసలో కట్టుకోవాలి: ముందు కాలేజీ తేదీలు, తరవాత హాజరు లెక్క, ఆ తరవాత రోజులో నిజంగా మిగిలే గంటలు, అన్నిటికన్నా చివర చదువు. ఒక ఆదివారం రెండు మూడు గంటలు తీరిగ్గా కూర్చుంటే పనైపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మొదటిది అకడమిక్ క్యాలెండర్. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా ఉంటుంది. మీది అటానమస్ (పరీక్షలు, తేదీలు సొంతంగా చూసుకునే) కాలేజీ అయితే యూనివర్సిటీ క్యాలెండర్ మీకు వర్తించదు, కాలేజీ విడిగా ఇచ్చినదే తీసుకోవాలి. విశాఖలో ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఒకే వీధిలో ఒకరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఒకరు విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ కింద ఉన్న కాలేజీలో, ఇంకొకరు రుషికొండ గీతంలో చదువుతుంటారు. ముగ్గురి మిడ్ తేదీలూ కలవాలని లేదు. ఇంటర్ నాటి స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి తేదీలు ఎక్కించకండి.

రెండోది మీ బ్యాచ్ రెగ్యులేషన్ (ఆ బ్యాచ్‌కు వర్తించే సిలబస్, పరీక్షల నియమావళి) ప్రకారం ఉన్న సిలబస్ కాపీ, క్రెడిట్లతో సహా. సీనియర్ల దగ్గర తీసుకుంటే పాత రెగ్యులేషన్‌ది వచ్చే ప్రమాదం ఉంది. మూడోది క్లాస్ టైమ్‌టేబుల్. మొదటి రెండు వారాల్లో ఇది మారుతూనే ఉంటుంది కాబట్టి పెన్సిల్‌తోనే రాయాలి.

ఇక పుస్తకం. అచ్చేసిన డైరీలు జనవరిలో మొదలవుతాయి, మన సెమిస్టర్ చాలాచోట్ల జూన్, జూలైలో మొదలవుతుంది. సగం డైరీ వృథా. ఏ5 సైజులో 96 పేజీల రూళ్ల నోట్‌బుక్ సరిపోతుంది. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు స్టేషనరీ షాపుల్లో అడగండి. కాగితం 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) లేదా అంతకన్నా మందం ఉండాలి. సముద్రపు గాలిలోని తేమకు పల్చటి కాగితం మెత్తబడుతుంది, జెల్ పెన్ సిరా పాకి వెనకపేజీలోకి దిగుతుంది. బాల్ పెన్ వాడితే ఆ బాధ లేదు. వానాకాలం బస్సుల్లో తిరిగే పుస్తకం కాబట్టి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్ కూడా కొనండి. కావాల్సింది నీలం పెన్ను, ఎర్ర పెన్ను, పెన్సిల్. ఆరు రంగుల హైలైటర్లు వద్దు. ఏ రంగు దేనికో మూడోవారానికి గుర్తుండదు, గుర్తులేనప్పుడు పుస్తకం తెరవబుద్ధి కాదు.

పేజీల పంపకం

ప్రతి పేజీకీ నంబరు వేయండి. ఎడమ పేజీ ఎప్పుడూ సరిసంఖ్య అవుతుంది, ఒక వారమంతా తెరిచిన రెండు పేజీల్లో కనపడాలంటే ఇది అవసరం.

1వ పేజీ: సూచిక, రెగ్యులేషన్ పేరు, సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) ఫోన్ నంబరు
2, 3: టైమ్‌టేబుల్
4, 5: సెమిస్టర్ మొత్తం ఒకచోట
6 నుంచి 13: థియరీ, ల్యాబ్ కలిపి ఎనిమిది సబ్జెక్టులకు ఒక్కో పేజీ
14 నుంచి 17: హాజరు
18 నుంచి 61: వారానికి రెండు పేజీల చొప్పున 22 వారాలు
62 నుంచి 96: ఖాళీ

తరగతులు సాధారణంగా 16 వారాలు నడుస్తాయి. ప్రిపరేషన్ సెలవులు, ల్యాబ్ పరీక్షలు, చివరి పరీక్షలు కలిపితే 22 వారాలకు అటూ ఇటూ అవుతుంది. చివర్లో వదిలిన ఖాళీ పేజీలు ఎక్కువనిపించవచ్చు, తగ్గించకండి. సెమినార్, మినీ ప్రాజెక్టు, ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ నడిపే ఆన్‌లైన్) కోర్సు లాంటివన్నీ మధ్యలో వచ్చిపడేవే.

తేదీలు ఎక్కించడం

4, 5 పేజీల్లో వారానికి ఒక గీత చొప్పున 22 గీతలు తీసుకుని, ఎడమ చివర ఆ వారం సోమవారం తేదీ రాయండి. మిడ్‌లు, ల్యాబ్ పరీక్షలు, చివరి పరీక్షలు ఎర్ర పెన్నుతో. పరీక్ష ఫీజు గడువు, బస్ పాస్ రెన్యువల్, స్కాలర్‌షిప్ పని కూడా ఎర్రగానే ఉండాలి. ఫీజు గడువు దాటితే ఆలస్య రుసుము ఎంత బాగా చదివినవాడైనా కట్టాల్సిందే. నోటిఫికేషన్ ఇంకా రాకపోతే, పోయిన సెమిస్టర్‌లో ఏ వారం వచ్చిందో ఆ వారం దగ్గర పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి.

తరవాత పండగలు. వినాయక చవితి, దసరా, దీపావళి మొదటి సెమిస్టర్‌లో, సంక్రాంతి, ఉగాది రెండోదాంట్లో పడతాయి. సెలవుల్లో ఊరెళ్లేవాళ్లు ఆ రోజులకు చదువు రాయవద్దు. రాసినా జరగదు, తిరిగొచ్చాక ఖాళీ గళ్లు చూసి మనసు పాడవుతుంది. ఆషాఢ పౌర్ణమి సమయంలో సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. దాదాపు 32 కిలోమీటర్ల ఆ దారి హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ మీదుగా సాగుతుంది కాబట్టి ఆ రోజు సాయంత్రం బస్సులు నమ్ముకుని ఏ పనీ పెట్టుకోకూడదు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం. ఈ మూడు నెలల్లో ఒక వారాన్ని పూర్తిగా ఖాళీగా వదలండి. వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు కాలేజీ మూసేస్తే తరగతులు ఆదివారాలకో, రెండో శనివారానికో జరుగుతాయి, మీ చదువు గంటలు అక్కడ పోతాయి. ఫోన్లో క్యాలెండర్ ఉంది కదా, పుస్తకం ఎందుకు అనేవాళ్లకూ ఇదే జవాబు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. ఫోన్‌ను అలారానికి వాడుకోండి: ప్రతి ఎర్ర తేదీకి వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి. ఆలోచన మాత్రం కాగితం మీదే జరగాలి.

హాజరు లెక్క

ప్లానర్ విలువ ఎక్కువగా తెలిసేది ఇక్కడే. 75 శాతం హాజరు పరీక్షలు రాయడానికే కాక ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా కావాలి. జేఎన్‌టీయూ నిబంధనల్లో 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి, రుసుము కట్టి కండొనేషన్ (హాజరు లోటు మాఫీ) అడగవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెండ్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. శాతం అన్ని సబ్జెక్టులకూ కలిపి చూస్తారా, విడివిడిగా చూస్తారా అన్నది మీ రెగ్యులేషన్‌లో చూసి 14వ పేజీ పైన రాసుకోండి.

వారానికి మూడు పీరియడ్లున్న సబ్జెక్టుకు 16 వారాల్లో 48 తరగతులు. అందులో 36 తప్పనిసరి, 12 దాకా పోయినా ఫరవాలేదు. ల్యాబ్ దగ్గర లెక్క తిరగబడుతుంది. మూడు పీరియడ్ల ల్యాబ్ ఒక్కరోజు మానితే మూడు హాజర్లు పోతాయి. నాలుగు రోజులు మానేసరికి ఆ 12 అయిపోతాయి, అయిదోసారి మానితే ఆ సబ్జెక్టులో 75 లోపే. ల్యాబ్ ఉన్న రోజు ఏ పెళ్లికీ మాట ఇవ్వకండి.

ప్రతి సబ్జెక్టుకూ రెండు అంకెలు నడుపుతూ ఉండాలి: జరిగిన తరగతులు, మీరు వెళ్లినవి. తగ్గినప్పుడు ఎన్ని తరగతులు వరసగా వెళ్తే 75కు చేరతారో చిన్న లెక్కలో తేలుతుంది. జరిగినవాటిని మూడుతో, వెళ్లినవాటిని నాలుగుతో గుణించి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. 40 జరిగితే 27 వెళ్లారనుకోండి: 120 లోంచి 108 తీస్తే 12. ఒక్కటీ మానకుండా 12 తరగతులు వెళ్లాలి. ఇంకా ఎన్ని మానవచ్చో తెలియాలంటే వెళ్లినవాటిని నాలుగుతో గుణించి మూడుతో భాగించి, జరిగినవి తీసేయాలి. 40కి 33 వెళ్తే 44 లోంచి 40 పోను 4. ఈ లెక్క శుక్రవారం శుక్రవారం వేసుకోండి. కాలేజీ పోర్టల్‌లో అంకె తేడాగా ఉంటే ఆ వారంలోనే లెక్చరర్‌ను కలిస్తే సరిదిద్దుతారు, రెండు నెలలు దాటాక అడిగితే రిజిస్టర్ తిరగేసే ఓపిక ఎవరికీ ఉండదు.

మిగిలే గంటలు

ఉదయం 6 నుంచి రాత్రి 10:30 వరకు పదహారున్నర గంటలు. కాలేజీ ఏడున్నర, రానూపోనూ మూడు, స్నానం, భోజనం, ఇంటిపని, కాస్త విశ్రాంతి కలిపి మూడు. మిగిలేది మూడు గంటలు. ఆరు రోజులకు 18, ఆదివారం ఇంకో ఆరు, మొత్తం 24. ఈ 24నూ నింపేయడమే అందరూ చేసే పొరపాటు. ఒక సాయంత్రం చుట్టాలొస్తారు, ఒక సాయంత్రం తలనొప్పి. అరవై శాతమే రాయండి, అంటే వారానికి 14 గంటలు. మిగతా పది వచ్చిపోయే పనులవి.

ఆ 14లో నాలుగు గంటలు రికార్డులు (ల్యాబ్ ప్రయోగాలు రాసే పుస్తకాలు), అసైన్‌మెంట్లకు. మిగిలిన పదిని అయిదు థియరీ సబ్జెక్టులకు పంచాలి: అన్నిటికన్నా కష్టమైనదానికి మూడు, తేలికైనదానికి ఒకటి, మధ్యవాటికి రెండేసి. సమానంగా పంచితే బాగుందనిపిస్తుంది కానీ, గణితానికి చాలక, సులువైనదానికి ఎక్కువై కూర్చుంటుంది. బస్సులో సీటు దొరికితే నిర్వచనాలు, సూత్రాలు తిరగేయవచ్చు, అది అదనపు లాభం. ప్లానర్‌లో లెక్కపెట్టవద్దు. ఇల్లు ఇరుకైతే ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీ పనికొస్తుంది, అక్కడికి వెళ్లొచ్చే సమయం కూడా గంటల్లో తీసేయాలి.

వారం పేజీ

ఎడమ పేజీలో ఏడు రోజులకు మూడేసి గీతలు. కుడి పేజీ పైన ఈ వారం తప్పించుకోలేని మూడు పనులు, మధ్యలో సబ్జెక్టులు, కింద మూడో వంతు ఖాళీ. "ఎం3 (గణితం మూడో పేపర్) చదవాలి" అని రాయవద్దు. "లాప్లాస్ పరివర్తనాలు, అయిదు లెక్కలు, గంట" అని రాయండి. చదవాలి అన్న మాటకు ముగింపు లేదు, కొట్టేసే అవకాశం రాదు.

ఆదివారం సాయంత్రం అరగంట పెట్టి పోయిన వారం మిగిలినవాటిని ముందుకు జరపండి. ఒకే పని మూడుసార్లు జరిగిందంటే అది మరీ పెద్దదైనా అయ్యుంటుంది, అవసరం లేనిదైనా అయ్యుంటుంది. రెండు ముక్కలు చేయండి, లేదా కొట్టేయండి. రికార్డును మాత్రం ఎప్పుడూ జరపకూడదు. ఈ వారం ప్రయోగం అబ్జర్వేషన్ (ల్యాబ్‌లో రాసుకునే నోట్‌బుక్) లోంచి వచ్చే ల్యాబ్ లోపు రికార్డుకు ఎక్కి, సంతకం పడాలి. పది పన్నెండు ప్రయోగాలు పోగుపడితే సరిగ్గా ల్యాబ్ ఇంటర్నల్ పరీక్షకు ముందు, వైవాకు (మౌఖిక పరీక్షకు) చదవాల్సిన రాత్రులు రాతకే పోతాయి. ఎన్‌పీటీఈఎల్ అసైన్‌మెంట్లదీ అదే సంగతి. 12 వారాల కోర్సులో మంచివి 8 తీసుకుంటారు కాబట్టి నాలుగు తప్పినా నష్టం లేదు, కానీ ఆ నాలుగింటినీ మిడ్ వారాలకు దాచుకోవాలి.

మిడ్‌లకు వెనక్కి లెక్క

మొదటి మిడ్‌కు మామూలుగా రెండున్నర యూనిట్లు ఉంటాయి. అయిదు సబ్జెక్టులకు పన్నెండున్నర యూనిట్లు. ఒక్కోటి తిరగేయడానికి రెండు గంటలు వేసుకున్నా 25 గంటలు. మీ దగ్గర వారానికి ఉన్నవి 14. అంటే మిడ్ తేదీ నుంచి రెండు వారాలు వెనక్కి వెళ్లి ఆ గీత మీద "రివిజన్ మొదలు" అని ఎర్రగా రాయాలి, ఆ రెండు వారాల్లో కొత్త పని ఏదీ పెట్టకూడదు. జేఎన్‌టీయూ ఆర్20, ఆర్23 (2020, 2023 నాటి) రెగ్యులేషన్లలో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం విలువ. 30కి ఒకదాంట్లో 24, ఇంకోదాంట్లో 16 వస్తే 19.2, 3.2 కలిపి 22.4. కాబట్టి మొదటిది పోయిందని ప్లానర్ మూసేయకండి, రెండోది బాగా రాస్తే నష్టం చాలావరకు పూడుతుంది.

సప్లీ (తప్పి మళ్లీ రాయాల్సిన పేపర్) ఉన్నవాళ్లు దాన్ని కూడా ఒక సబ్జెక్టుగానే తీసుకుని, 62 తరవాతి ఖాళీ పేజీల్లో ఒకటి దానికి కేటాయించి, వారానికి రెండు గంటలు ఇవ్వాలి. ఆ రెండూ 14లోంచే రావాలి తప్ప పైనుంచి కాదు. ఫలితాలు వచ్చాక రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు గడువు కొద్ది రోజులే ఉంటుంది కాబట్టి పరీక్షలు అవగానే పుస్తకం అటక ఎక్కించకుండా 62వ పేజీలో సబ్జెక్టువారీగా ఎన్ని గంటలు అనుకున్నారో, నిజంగా ఎన్ని పట్టాయో రాసి, ఫలితాల రోజు దాకా బ్యాగులోనే ఉంచండి.