ట్రెక్ సామాను: బరువు తగ్గదు, చలి ఆగదు. తప్పు ఎక్కడ?

టెంటు వేయడం, బ్యాగు సర్దడం వచ్చినవాళ్ల కోసం ఇది. ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ ఊరి నుంచి కేదార్‌కంఠ శిఖరానికో, హర్ కీ దూన్ లోయకో సొంత సామాను మోసుకుంటూ నాలుగైదు రోజులు నడిచే మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సమస్యలే రాస్తున్నాను. ఏ సమస్యతో వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: తూకం వేశారా? నూటికి తొంభై మంది వేయరు. దయచేసి వేయండి.

సమస్య: తేలిక సామానే కొన్నాం, అయినా బ్యాగు ఎత్తితే నడుము పట్టేస్తోంది

కారణం: తేలికైనవి రెండు కొని, బరువైనవి ఇరవై అలాగే ఉంచేశారు.

వంటింటి కాటా తీసి ఒక్కో వస్తువు తూచి కాగితం మీద రాయండి. తిండి, నీళ్లు, గ్యాస్ తీసేయగా మిగిలిన మొత్తమే బేస్ వెయిట్. హిమాలయాల చలికి కూడా అది తొమ్మిది కిలోల లోపు ఉండేలా చూసుకోవచ్చు. కాగితం చూస్తే దొంగలు వాళ్లంతట వాళ్లే దొరుకుతారు. రెండో జీన్స్ ప్యాంటు, మందపాటి టర్కీ తువ్వాలు, పెద్ద పవర్ బ్యాంకు, గాజు సీసాలో ఆవకాయ. ఆవకాయ మానక్కర్లేదు, కావలసినంత చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకోండి. గాజు సీసా ఇంట్లోనే ఉండాలి.

బ్యాగు మాత్రం చివర్లో కొనండి. డెబ్భై లీటర్ల బ్యాగు ఉత్తదే రెండు కిలోలు దాటుతుంది, పైగా ఖాళీ ఉంటే ఏదో ఒకటి దూరుస్తాం. సామానంతా కుప్ప పోసి చూసుకున్నాకే సైజు తేల్చుకోవాలి. నీళ్లు లీటరుకు కిలో. దారిలో సెలయేరు ఉన్న చోట మూడు లీటర్లు మోయడం వృథా, శుద్ధి చేసే బిళ్లలు పెట్టుకుంటే చాలు. చలికాలంలో ఏ ధార గడ్డకడుతుందో స్థానికులను అడిగి వెళ్లండి. తిండిలో పల్లీ చిక్కి, నువ్వుండలు, వేయించిన జీడిపప్పు లాంటివి ఎక్కువ ఉంచండి. తక్కువ బరువులో ఎక్కువ శక్తినిస్తాయి.

సమస్య: బరువు తగ్గింది, అయినా భుజాలు కోసుకుపోతున్నాయి

నడుము బెల్టు పొట్ట మీద బిగించారు. అది తుంటి ఎముకల మీద కూర్చోవాలి. ముందు అది బిగించి, తర్వాతే భుజం పట్టీలు లాగండి. అప్పటికీ బెల్టు పైకి జారుతుంటే బ్యాగు వీపు పొడవు మీకు సరిపోలేదన్నమాట. మెడ వంచితే పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముకల పైఅంచు వరకు టేపుతో కొలిచి, ఆ కొలతకు తగ్గ బ్యాగు తీసుకోండి. మనిషి ఎత్తును బట్టి కొనకూడదు.

సమస్య: స్లీపింగ్ బ్యాగ్ మంచిదే, అయినా రాత్రంతా వణుకే

అందరూ తప్పుదారి పట్టేది ఇక్కడే. వణికినవాళ్లు తిరిగొచ్చి ఇంకా మందపాటి స్లీపింగ్ బ్యాగ్ కొంటారు. అర కిలో బరువు పెరుగుతుంది, వేలల్లో ఖర్చవుతుంది, మళ్లీ వెళ్లి మళ్లీ వణుకుతారు. ఎందుకంటే చలి వస్తున్నది పైనుంచి కాదు, కిందనుంచి.

స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనమంతా దాని పొంగులో ఉంటుంది. ఈకల మధ్యో, దారాల మధ్యో నిలిచిన గాలే చలిని ఆపుతుంది. మీరు పడుకోగానే వీపు కింద, తుంటి కింద ఆ పొంగు అణిగిపోతుంది. పాత బొంతలో దూది గడ్డకట్టి పలచబడిన చోట చలి ఎలా దూరుతుందో, ఇక్కడా అంతే. ఇక ఒంటికీ నేలకీ మధ్య మిగిలేది కింద పరుచుకునే మ్యాట్ ఒక్కటే. అది పలచనిదైతే ఒంటి వేడిని మంచు నేల తెల్లారేదాకా లాగేస్తూనే ఉంటుంది.

కేదార్‌కంఠ దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర ఒక కుర్రాడు అర్ధరాత్రి లేచి, "అన్నా, ఈ బ్యాగ్ పనికిరాదు, ఇంకోటుంటే ఇవ్వు" అన్నాడు. వెల్లకిలా పడుకోమని, వాడి నడుముకీ మ్యాట్‌కీ మధ్య నా చెయ్యి పెట్టి చూశాను. ఛాతీ మీద బ్యాగ్ వెచ్చగా ఉంది, వీపు కింద బట్ట చల్లగా తగిలింది. ఉత్త గాలి నింపే మ్యాట్, లోపల చలిని ఆపే పొర ఏదీ లేదు. దాని కింద ఒక ఫోమ్ మ్యాట్ పరిచి, తుంటి దగ్గర మడిచిన జాకెట్ పెట్టాం. బ్యాగ్ మార్చకుండానే నిద్రపోయాడు.

మీరూ ఇదే పరీక్ష చేసుకోండి. చలికి మెలకువ వచ్చినప్పుడు పక్కకు తిరగండి. నేలకు ఆనిన వైపు కాసేపట్లో చల్లబడితే తప్పు మ్యాట్‌ది. ఛాతీ, మోకాళ్లు, పాదాల పైభాగం చల్లగా ఉంటేనే బ్యాగ్‌ను అనుమానించండి.

మ్యాట్ మీద ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, నేల చలిని అది ఎంత ఆపుతుందో చెప్పేది అదే. ఉత్త గాలి మ్యాట్‌కు ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. మంచు మీద పడుకోవాలంటే ఐదు, ఆపైన చూసుకోండి. మంచి సంగతి ఏమిటంటే, రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ అంకెలు కలుస్తాయి. నాలుగు వందల గ్రాముల ఫోమ్ మ్యాట్ అదనంగా మోస్తే, బరువైన బ్యాగ్ చేయలేని పని అది చేస్తుంది. ఫోమ్ కింద వేస్తే గాలి మ్యాట్‌కు ముల్లు, రాయి గుచ్చుకునే భయం కూడా తగ్గుతుంది.

స్లీపింగ్ బ్యాగ్ మీద రాసిన ఉష్ణోగ్రత కూడా మ్యాట్ ఉందనుకునే వేసింది. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసే పరీక్షలో వేడి చేసిన బొమ్మను బ్యాగ్‌లో పెట్టి, మ్యాట్ మీద పడుకోబెట్టే కొలుస్తారు. అందులో వచ్చే అంకెల్లో మనకు ముఖ్యమైనవి కంఫర్ట్, లిమిట్. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే స్థాయి. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో గడిచిపోయే స్థాయి. కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఏది రాశారో చూడండి. మీరు నమ్మాల్సింది కంఫర్ట్ అంకెనే.

ఇంకో చిన్న మోసం. సాయంత్రం నింపిన మ్యాట్ రాత్రికి మెత్తబడితే చిల్లు పడిందని కంగారు పడతారు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయింది, అంతే. పడుకునే ముందు ఇంకో రెండు ఊపిరులు నింపండి.

వెళ్లే ముందు డిసెంబర్‌లో డాబా మీద, ఉత్త సిమెంటు నేల మీద ఒక రాత్రి పడుకుని చూడండి. ఆదిలాబాద్, లంబసింగి వైపు ఉన్నవాళ్లకు ఇంకా బాగా తెలిసిపోతుంది. డాబా మీదే వీపు చల్లబడితే అక్కడ మంచు మీద నిద్ర పట్టదు.

సమస్య: వాన లేకపోయినా పొద్దునకు టెంటు లోపల తడి

టెంటు కారడం లేదు. మీ ఊపిరిలోని తేమే చల్లటి గుడ్డకు తగిలి నీరైంది. చలి అని గాలి కిటికీలు మూసేయడమే కారణం. పైనొకటి, కిందొకటి తెరిచి ఉంచండి, టెంటులో వంట చేయకండి. స్లీపింగ్ బ్యాగ్ తడిసి ఉంటే మధ్యాహ్నం ఎండ తగలగానే అరగంట పరవండి. ఈకల బ్యాగ్ తడిస్తే పొంగదు.

సమస్య: గ్యాస్ ఉంది, స్టవ్ మాత్రం మండదు

ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకొస్తే ఆవిరవడం ఆగిపోతుంది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకోండి, రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. మంట మీద మాత్రం ఎప్పుడూ వేడి చేయకండి. విమానంలో గ్యాస్ డబ్బాలు చేతి బ్యాగులోనూ, చెక్-ఇన్‌లోనూ నిషేధం, రైల్లోనూ కుదరదు. కాబట్టి అక్కడ దొరికే ఏర్పాటు ముందే చేసుకోండి.

టెంటు కర్ర విరగడం, జిప్పు ఊడడం, మ్యాట్‌కు నిజంగానే చిల్లు పడడం అరుదు. కాస్త గట్టి టేపు, రెండు పిన్నీసులు, మ్యాట్‌తో వచ్చిన అతుకు ముక్క ఉంటే సరిపోతుంది.